దత్తత తీసుకోవాలన్న భారం దేవుని పిలుపేనా? మా అనుభవం

సిస్టర్, మీకు ఒక బాబు ఉన్నాడు, రెండేళ్లుగా ప్రార్థనలో ఒక బిడ్డను తెచ్చుకోవాలని భారం కలుగుతోంది, మీవారు అవుననీ కాదనీ అనట్లేదు, అత్తగారేమో ఎవరి రక్తమో అంటున్నారు, ఇది దేవుని పిలుపో మీ ఆరాటమో తెలియట్లేదు అని రాశారు. నేనూ సరిగ్గా అక్కడే నిలబడ్డాను. మా పాప నాలుగేళ్లప్పుడు మా ఇంటికి వచ్చింది, ఇప్పుడు పదకొండు.

పాప వచ్చిన కొత్తలో ఆదివారం ఆరాధనలో మమ్మల్ని సాక్ష్యం చెప్పమన్నారు. మేం నోరు తెరవకముందే సంఘపెద్ద ఒకాయన మైకు తీసుకుని, ఈ కుటుంబం ఒక అనాథను ఆదరించింది, ప్రభువుకు స్తోత్రం అన్నారు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన మనసులో చెడు లేదు. కానీ పాప నా కొంగు పట్టుకుని నిలబడి అంతా వింది. ఆ రాత్రి పక్క మీద చేరి, "అనాథ అంటే నేనేనా అమ్మా?" అని అడిగింది. దగ్గరికి తీసుకోవడం తప్ప నాకేం తోచలేదు. ఆ తర్వాత తన గురించి మేం ఎక్కడా సాక్ష్యం చెప్పలేదు, అది తన కథ, పెద్దయ్యాక తనకు చెప్పాలనిపిస్తే చెప్పుకుంటుంది.

అందుకే చెప్తున్నా, సేవ అనుకుని మాత్రం బిడ్డను తెచ్చుకోకండి. చాలామందికి యాకోబు పత్రిక 1:27 చదివే ఈ భారం వస్తుంది, నాకూ అక్కడే మొదలైంది. కానీ ఆ వచనం దిక్కులేని పిల్లలను పరామర్శించమంటోంది, దానికి దారులు చాలా ఉన్నాయి, చదువుకు ఫీజు కట్టొచ్చు, కష్టంలో ఉన్న తల్లికి అండగా నిలబడి ఆ బిడ్డ ఆమె దగ్గరే పెరిగేలా చూడొచ్చు. దత్తత వేరు. రోమా 8:15లో పౌలు దత్తపుత్రాత్మ అన్నాడు, రెండు వచనాలు దాటగానే వారసులం అన్నాడు. అది రోమీయులకు బాగా తెలిసిన సంగతి, వాళ్ల చట్టంలో దత్తపుత్రుడు వారసుడే. లూకా 3లో కనిపించే తిబెరి కైసరు, అంతకుముందు ఏలిన ఔగుస్తు దత్తపుత్రుడే కదా. మీ బాబు మాట వినకపోతే "నీకు ఇంత చేశాం" అని మీ నోట రాదు. రేపు వచ్చే బిడ్డ మాట వినకపోయినా రాకూడదు. వస్తుందేమో అని ఏమాత్రం అనిపించినా ఇంకొంత కాలం ఆగండి.

రక్తం మాటకొస్తే, మనం దావీదు కుమారుడని పిలిచే యేసుకు ఆ వంశాన్ని మత్తయి, కన్న తండ్రి కాని, పెంచిన తండ్రి యోసేపు వైపు నుంచే రాశాడు. ఇది మా అత్తయ్యగారికి చెప్తే తలూపారు గానీ మనసు మారలేదు. ఇక మేం వాదించలేదు, పిల్ల ముందు ఆ మాట రాకూడదు అని ఒక్కటే అడిగాం, ఆవిడ నిలబెట్టుకున్నారు.

పేరు విషయంలో కూడా ఒత్తిడి వస్తుంది. బైబిలు పేరు పెట్టమని అందరూ చెప్పారు. తనతో వచ్చింది ఆ పేరొక్కటే, అదీ తీసేస్తే ఎలా? మొర్దెకై పెంచిన ఎస్తేరుకు హదస్సా అనే పేరు కూడా ఉందని వాక్యమే గుర్తుపెట్టుకుంది, మేం పాప పేరు అలాగే ఉంచాం. దత్తత సంగతి కూడా మొదటి రోజు నుంచే మామూలుగా మాట్లాడుకున్నాం. వీలైనంత వరకు తన తల్లిదండ్రులెవరో తెలుసుకోవడం బిడ్డ హక్కని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలోనే ఉంది.

మొదటి ఏడాది కష్టం, అది మాత్రం దాచను. పక్క దులుపుతుంటే దిండు కింద బిస్కెట్లు, నమిలి వదిలేసిన రొట్టె ముక్కలు దొరికేవి. ఆకలి చూసిన పిల్లలు అలా దాచుకుంటారట, నేను తెలియక ఒకసారి కోప్పడ్డాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. తర్వాత తన మంచం పక్కనే ఒక డబ్బా పెట్టి ఎప్పుడూ నిండుగా ఉంచాం. అర్ధరాత్రి లేచి మూత తీసి చూసి పడుకునేది. ఆ మూత చప్పుడు ఆగడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఇంకో సంగతి, తెలిసినవాళ్లు బిడ్డను ఇస్తామన్నారనో, సంఘం ద్వారా దొరుకుతుందనో చట్టం దాటి వెళ్లొద్దు. 2010లో హైతీ భూకంపం తర్వాత అమెరికా నుంచి వెళ్లిన పదిమంది బాప్టిస్టు విశ్వాసులు 33 మంది పిల్లలను సరైన కాగితాలు లేకుండా సరిహద్దు దాటించబోయి అరెస్టయ్యారు. అనాథలని చెప్పిన ఆ పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని తర్వాత తేలింది. మంచి చేస్తున్నాం అనుకుంటూనే ఒక తల్లికి బిడ్డను దూరం చేసే ప్రమాదం ఉంది, కాబట్టి ఎంత ఆలస్యమైనా చట్టం చెప్పిన దారిలోనే వెళ్లండి.

ఇక మీవారి మౌనం. మా ఆయన మొదట "నీ కోసం ఒప్పుకుంటాలే" అన్నారు. అది చాలదని నాకు తెలుసు, ఎందుకంటే రాత్రిళ్లు ఏడ్చే పిల్లను ఎత్తుకోవాల్సింది ఇద్దరం. గొడవ పడలేదు, వచనాలు చూపించి ఒత్తిడి చేయలేదు, నా ప్రార్థనేదో నేను చేసుకున్నా. పద్నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం టేపు పట్టుకుని బాబు గది కొలుస్తూ కనిపించారు. "రెండో మంచం కిటికీ వైపు పడుతుందా?" అని అడిగారు. మర్నాడే దరఖాస్తు పెట్టాం.