చెన్నై ఫ్లాట్‌లో కుక్క: ఇల్లు కొలవకండి, మీ వేళలు చూసుకోండి

ప్రశ్న ఇది: "షోళింగనల్లూరులో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. ఇద్దరం ఉద్యోగస్తులం. కుక్కను పెంచుకోవాలని ఉంది. హస్కీ తెచ్చుకోవాలా, లాబ్రడారా? ఇంత చిన్న ఇంట్లో దానికి ఊపిరాడుతుందా?"

హస్కీ వద్దు. దీని మీద చర్చ కూడా అనవసరం. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, అరికాళ్లలో కాస్త పడుతుందంతే. రొప్పుతూ నాలుక మీది తడిని ఆవిరి చేసుకుని ఒళ్లు చల్లబరుచుకుంటుంది. సముద్రపు గాలిలో ఉక్క ఎక్కువైన రోజున ఆ తడి సరిగా ఆరదు. పైన రెండు పొరల బొచ్చు కూడా ఉంటే మే నెలలో కరెంటు పోయిన అరగంటకే దాని పని అయిపోతుంది. పగ్, షిట్జు, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లకు బొచ్చు బాధ కాదు, పొట్టి ముక్కు బాధ. రొప్పడానికే వాటికి దారి ఇరుకు. ముద్దొస్తున్నాయని ఈఎంఐ మీద కొనుక్కొచ్చి, తర్వాత ఏసీ బిల్లు చూసి దత్తతకు పెట్టేవాళ్లను ఏమనాలో తెలియదు. లాబ్రడార్ తట్టుకుంటుంది గానీ తిండిపోతు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయ్యాక త్వరగా ఒళ్లు చేస్తుంది. రాజపాళయం, చిప్పిపారై ఈ నేల కుక్కలే, ఎండ సమస్య తక్కువ. కాకపోతే అవి వేటకుక్కలు, పరుగు కావాలి. మొదటిసారి పెంచేవాళ్లకు ఫ్లాట్‌లో కష్టం. 2005లో రాజపాళయం బొమ్మతో తపాలా బిళ్ల వేశారు, అయినా మనవాళ్లకి దాని పేరు కంటే హస్కీ పేరే ముందు నోటికొస్తుంది. నన్నడిగితే బ్లూ క్రాస్ లాంటి ఆశ్రయం నుంచి మామూలు ఊరకుక్క పిల్లను తెచ్చుకోండి. ఈ వాతావరణానికి దాన్ని మించినది లేదు.

ఇల్లు చిన్నదన్న బెంగ వదిలేయండి. ఎదిగిన కుక్క రోజులో పన్నెండు గంటలకు పైగా పడుకునే ఉంటుంది. మిగిలిన గంటల్లో దానికి కావలసింది హాలు కాదు, వీధి. వీధి కూడా పరిగెత్తడానికి కాదు, వాసన చూడటానికి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, వాచీలో పదివేల అడుగులు లెక్కపెట్టుకుంటూ కుక్కను ఈడ్చుకెళ్లేవాళ్లు సాయంత్రం ఏ గేటెడ్ కమ్యూనిటీలో చూసినా కనిపిస్తారు. ఆ నడక మనిషిది. కుక్క స్తంభం దగ్గర ఆగితే ఆగనివ్వండి. నిన్న రాత్రి అక్కడికి ఎవరొచ్చారు, మగదా ఆడదా అన్న కబురంతా దానికి అందులోనే దొరుకుతుంది. నలభై నిమిషాల్లో పాతిక నిమిషాలు ఇలా నిలబడటానికే పోతే మంచిది. ఇంటికొచ్చి నీళ్లు తాగి పడుకుంటుంది, సోఫా కొరకదు. సాగి చుట్టుకునే లీష్ కొనకండి. మూడు మీటర్ల మామూలు నైలాన్ తాడు, ఛాతీ మీద ఇంగ్లిష్ వై అక్షరంలా కూర్చునే హార్నెస్ చాలు. సాగే లీష్‌తో లిఫ్ట్ దగ్గర ప్రాణాపాయం. కుక్క లోపలికి దూరి మీరు బయట ఉండగా తలుపులు మూసుకుంటే తాడు సాగుతూనే ఉంటుంది, లిఫ్ట్ కదులుతుంది. ఎప్పుడైనా మీరు ముందు ఎక్కి, తాడు జానెడు పొట్టిగా పట్టుకుని, తర్వాత దాన్ని రానివ్వాలి.

వేళలంటే ఇవి. మార్చి నుంచి జూన్ దాకా ఉదయం నడక ఆరున్నరకల్లా ముగిసిపోవాలి. ఇక్కడివాళ్లు అగ్ని నక్షత్రం అనే రోజులు మే 4 ప్రాంతంలో మొదలై నెలాఖరు దాకా ఉంటాయి, అప్పుడైతే ఐదింటికే బయటపడండి. సాయంత్రం పొద్దుగుంకిందని ఏడింటికే దించేస్తారు చాలామంది. తారు అప్పటికీ సెగ కక్కుతూనే ఉంటుంది. అరచేతి వెనకభాగం రోడ్డుకి ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలు కూడా ఉండలేవు. ఎనిమిదిన్నర తర్వాత వెళ్లండి. వడదెబ్బ లక్షణాలు కనిపిస్తే, అంటే ఆగకుండా రొప్పడం, చిక్కటి చొంగ, తూలడం, ఒంటి వేడి 104 డిగ్రీలు దాటడం, వెంటనే పొట్టకీ తొడల మధ్యకీ పాదాలకీ కుళాయి నీళ్లు పోస్తూ ఫ్యాను కింద పెట్టండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది. కాస్త చల్లబడగానే ఏసీ కారులో ఆసుపత్రికి. వేపేరిలో 1903 నుంచీ ఉన్న మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రి గుర్తుంచుకోండి. ప్రైవేటు వాళ్లు చేతులెత్తేసిన కేసులు కూడా అక్కడికే వెళతాయి.

ఇక గేటు బయట వీధికుక్కలు. మీరు దాటవలసిన అసలు గండం ఇదే. ఉదయం ఐదుంబావుకి టీ కొట్టు ఇంకా తెరవరు, వీధి వాటిదే. గేటు చప్పుడు కాగానే ఒకటి తల ఎత్తుతుంది, రెండోది లేస్తుంది, మూడోది మొరుగుతూ ముందుకొస్తుంది. కొత్తవాళ్లు సరిగ్గా అప్పుడే మూడు తప్పులు చేస్తారు. తాడు బిగబడతారు, బిగిసిన తాడు మీ కుక్కకి భయం పుట్టిస్తుంది. దాన్ని చంకనెత్తుకుంటారు, అప్పుడు ఆ మూడూ మీ చేతుల మీదకి ఎగురుతాయి. లేదా పరిగెడతారు, తరమడానికి వాటికి అంతకంటే ఏం కావాలి? చేయాల్సింది వేరు. ఆగండి. మీ కుక్కను కాళ్ల వెనక్కి తెచ్చుకోండి. వాటి కళ్లలోకి చూడకుండా పక్కకి తిరిగి, ఎదురుగా కాకుండా విల్లులా వంపు తిరిగి దాటండి. జేబులో గుప్పెడు డ్రై ఫుడ్ గింజలు ఉంచుకుని వాటికి అవతలివైపు దూరంగా చల్లండి, తలలు నేలకి దిగుతాయి. కర్ర పట్టుకెళితే నేల మీద తట్టడానికే, కొట్టడానికి కాదు. కొడితే రేపటి నుంచి మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటాయి. వారం పది రోజులు ఒకే వేళకి, ఒకే దారిన వెళితే చాలావరకు అవే పట్టించుకోవడం మానేస్తాయి.

ఇందులో వాటి తప్పు తక్కువ. గేటు ముందే గ్లూకోజ్ బిస్కెట్లు పోసి పుణ్యం కట్టుకునేవాళ్లది ఎక్కువ. తిండి ఎక్కడ దొరికితే కుక్క అక్కడే కాపలా కాస్తుంది. మెట్లకీ గేట్లకీ పిల్లలు ఆడే చోటుకీ దూరంగా పెట్టాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల్లోనే ఉంది. చదివేవాళ్లెవరు! అసోసియేషన్ వాళ్లకైతే రూల్స్ అంటే మీ కుక్కను లిఫ్ట్ ఎక్కనివ్వకపోవడం ఒక్కటే. జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది: పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం సంఘాలకు లేదు, లిఫ్ట్ ఆపడానికీ లేదు. ఆ కాగితం ప్రింటు తీసి పెట్టుకోండి. అలాగని లిఫ్ట్‌లో ఎదురింటి మామ్మగారు భయపడుతుంటే తర్వాతి లిఫ్ట్‌కి ఆగండి. కాగితం గెలిపించిన చోట మామ్మగారు ఓడించగలరు.

గోమార్ల (టిక్స్) గురించి కాస్త వివరంగా చెప్పాలి. చెన్నైలో కుక్కల ఆసుపత్రి బిల్లుల్లో పెద్దవి వీటి వల్లే. ఒంటి మీద కనిపించినవి ఏరి చంపడంతో పని అయిపోయిందనుకుంటారు. రక్తం తాగి ఉబ్బిన ఆడది వారంలో కిందికి రాలిపోతుంది. గోడ పైకి పాకి స్విచ్‌బోర్డు వెనకో, స్కర్టింగ్ సందులోనో, బాల్కనీ తలుపు చట్రంలోనో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. పిల్లలు కుక్క ఎక్కుతాయి, రాలతాయి, మళ్లీ ఎక్కుతాయి. పెద్దవయ్యేలోపు రెండుసార్లు, పెద్దయ్యాక మరోసారి రక్తం తాగుతాయి. ఈ చక్రం మన వేడిలో రెండు మూడు నెలల్లో తిరిగొస్తుంది. కాబట్టి కుక్కకీ ఇంటికీ ఒకేసారి, కనీసం మూడు నాలుగు నెలలు ఆగకుండా చేయాలి. నమిలే మాత్రల్లో ఫ్లురలానర్ ఒకటి వేస్తే సుమారు పన్నెండు వారాలు, అఫాక్సొలానర్ నెల. బరువుని బట్టి మోతాదు, తూకం వేయకుండా కొనకండి. ఫిట్స్ వచ్చే కుక్కైతే డాక్టరుకి ముందే చెప్పండి. ఇవి గోమారి కరిచాకే దాన్ని చంపుతాయి, కాబట్టి ఒంటి మీద ఒకటి పాకుతూ కనబడితే మందు పనిచేయలేదని అర్థం కాదు. ఇంట్లో సందులన్నీ వాక్యూమ్ చేసి, ఆ సంచిని కట్టి బయట పారేయాలి. పరుపు గుడ్డలు మరిగే నీళ్లలో. కిరసనాయిలు రాయడం, కలరా ఉండలు పొడి చేసి చల్లడం మాత్రం చేయకండి. గోమారి బతుకుతుంది, కుక్క పోతుంది.

ఇంత చేసినా జ్వరం రావచ్చు. తిండి మానేయడం, చిగుళ్లు తెల్లబడటం, పొట్ట మీద ఊదా చుక్కలు, ముక్కు నుంచి రక్తం, కాఫీ రంగు మూత్రం, వీటిలో ఏది కనబడినా అదేరోజు రక్తపరీక్ష చేయించండి. గోమారి కాటుతో ఎక్కే ఎర్లికియా అనే క్రిమి అయితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సాధారణంగా ఇరవై ఎనిమిది రోజులు ఇస్తారు. నాలుగో రోజుకే కుక్క లేచి తిరుగుతుందని మందు ఆపేవాళ్లే ఎక్కువ, జ్వరం తిరగబెట్టేదీ అక్కడే. గోమారే ఎక్కించే మరో క్రిమి బేబీసియా అయితే ఆ ఒక్క మందుతో తగ్గదు, ఏది వచ్చిందో తేల్చుకున్నాకే మొదలుపెట్టించండి. మన ఇళ్లలో ప్రతి మాత్రా పెరుగన్నంలో పెట్టేస్తాం. ఇది అలా పెట్టకండి, పెరుగులోని కాల్షియం మందుని కొంత పట్టేసుకుంటుంది. చికెన్ ముక్కలో పెట్టి, వెంటనే నీళ్లు పట్టాలి. గొంతులో ఇరుక్కుంటే పుండు పడుతుంది.

పెరుగన్నం మామూలు రోజుల్లో పెట్టొచ్చు గానీ అదే భోజనం అనుకోకండి, మాంసకృత్తులు చాలవు. ఉడికించిన గుడ్డో చికెనో కలపాలి. సాంబారు, చారు వద్దు, ఉల్లీ వెల్లుల్లీ ఎర్ర రక్తకణాల్ని చిట్లగొడతాయి. పాయసంలో కిస్‌మిస్ కిడ్నీలకి విషం. ఉడికిన ఎముకలు చీలి పేగుల్ని గుచ్చుతాయి. వేసవిలో మామిడి టెంక ఎవరూ ఊహించరు. నాకి నాకి నున్నగా అయ్యాక గుటుక్కున మింగుతుంది, పేగులో అడ్డుపడితే పొట్ట కోయాల్సిందే. చెత్తబుట్టకి మూత పెట్టండి.

ఇద్దరూ ఆఫీసుకెళితే? తెచ్చిన మొదటి పదిహేను రోజులు ఒకరు సెలవు పెట్టాలి. నిమిషం బయటికెళ్లి రండి, తర్వాత ఐదు, తర్వాత ఇరవై. అది ఏడవకముందే తిరిగి రావాలి. వెళ్లేముందు బోలు రబ్బరు బొమ్మలో పెరుగన్నం కూరి, రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో గట్టిపరిచి ఇస్తే అరగంటకి పైగా దాంతోనే కాలక్షేపం. మధ్యాహ్నం ఒకరు వచ్చి కిందికి దించే ఏర్పాటు లేకపోతే కుక్కే వద్దు. తొమ్మిది గంటలు మూత్రం ఆపుకోమనడం మనిషికే న్యాయం కాదు.

అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనం. వేళచ్చేరి, పళ్లికరణై వైపు వీధులు మునిగితే ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలోనే నడక, లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు అక్కడే అంటుకుంటుంది. మొదటిసారైతే టీకా రెండు డోసులు, మధ్యలో మూడు నాలుగు వారాలు, కాబట్టి ఆగస్టులోనే మొదలుపెట్టండి. వరద రోజులకి బాల్కనీలో ట్రేలో కొబ్బరి పొట్టు పోసి అలవాటు చేసి ఉంచితే మెడలోతు నీళ్లలో దించే అవసరం రాదు. దీపావళికి తమిళనాడులో బాణసంచా వేళ ఉదయం ఆరు నుంచి ఏడు, రాత్రి ఏడు నుంచి ఎనిమిది అని ఏటా ప్రకటిస్తున్నారు. ఆ గంటల్లో మాత్రమే కాలుస్తారని నమ్మితే మీ ఇష్టం. తెల్లారకముందే ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి తిప్పేసి, కిటికీ లేని గదిలో ఫ్యానూ టీవీ పెట్టి ఉంచండి. మరీ వణికే కుక్కకి మందు కావాలంటే వారం ముందే డాక్టర్ని అడగండి. ఒళ్లు మత్తెక్కించి భయం తగ్గించని మందులూ ఉన్నాయి.

బెసంట్ నగర్ బీచ్‌కి తెల్లవారుజామున తీసుకెళ్లడం బాగుంటుంది, తాడు విప్పకుండా. ఇసుకలో కొక్కి పురుగు ఉంటుంది. మూడు నెలలకోసారి నట్టల మందు వేయండి, మీ కుక్క విసర్జించింది పాత పేపర్‌తో ఎత్తండి. చెప్పుల్లేని పిల్లల పాదాల్లోకి దూరేది ఆ పురుగు లార్వాలే.

సంక్రాంతికి ఊరెళ్లడం గురించి మీరు అడగలేదు గానీ జనవరిలో తప్పకుండా అడుగుతారు. రైల్లో కుక్క మీతో ఉండాలంటే ఫస్ట్ ఏసీలో కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం మీదే అయి ఉండాలి. టికెట్టుతో, రేబిస్ టీకా కాగితాలతో ముందుగా పార్సిల్ ఆఫీసుకి వెళ్లి బుక్ చేయించాలి. తోటి ప్రయాణికులు అభ్యంతరం చెబితే గార్డు పెట్టెలోని డాగ్ బాక్సుకి పంపేస్తారు, డబ్బు తిరిగి రాదు. స్లీపర్‌లో, త్రీ టైర్‌లో దుప్పటి కింద దాచి తీసుకెళదామనుకోకండి. కారైతే తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే ఎండెక్కేసరికి నెల్లూరు దాటేస్తారు. మూడు నాలుగు గంటల ముందు నుంచి తిండి పెట్టకండి, రెండు గంటలకోసారి ఆపి నీళ్లు పట్టండి. టిఫిన్ కోసం దిగినప్పుడు మాత్రం ఒకరు దానితోనే ఉండాలి. అద్దాలు మూసిన కారులో పది నిమిషాలకే పది డిగ్రీల దాకా పెరుగుతుంది. ఇడ్లీ పార్సిల్ కట్టించుకోండి.