నల్లమల చెంచులు ఇప్పటికీ వేట మీదే బతుకుతున్నారా?

ఉద్యోగరీత్యా కొన్నేళ్లు నల్లమలలోని అమ్రాబాద్ వైపు ఉన్నాను. చెంచు పెంటలకు (అడవిలోని వాళ్ల చిన్న గూడేలను పెంటలంటారు) వెళ్లి వస్తుండేవాణ్ణి. అక్కడ చూసినదాన్ని బట్టి చెప్తున్నాను: ఇంట్లో విల్లు ఉంటుంది కానీ, పొయ్యి మీద కుండ దాని వల్ల ఎక్కదు. 1972 వన్యప్రాణి చట్టంతో వేట మీద ఆంక్షలు బిగిశాయి సరే, పాత రోజుల్లో కూడా వాళ్ల కడుపు నింపింది ఎక్కువగా గడ్డలూ కాయలూ ఆకులే. సినిమాల్లో చూపించే బాణాల చెంచును కాస్త పక్కన పెట్టండి.

అసలు చూడాల్సింది తేనె తీయడం. పెద్ద తేనెపట్లు కొండ చరియలకు, కింద లోయ కనిపించే చోట వేలాడుతుంటాయి. తాడు పట్టుకుని ఒకడు దిగుతాడు, పొగ పెట్టి ఈగల్ని లేపుతాడు, పట్టు కోసి బుట్టలోకి దింపుతాడు. పైన తాడు దగ్గర కూర్చునేది ఎవరో తెలుసా? బావమరిది. ఎందుకని ఒక పెద్దాయన్ని అడిగితే, "వాళ్లక్క ముండమోయకూడదు కదయ్యా, వాడైతే తాడు వదలడు" అన్నాడు. ఇంతకంటే గట్టి ఇన్సూరెన్స్ నేనెక్కడా చూడలేదు! పట్టు మొత్తం ఊడ్చేయరు, ఈగలకు కొంత వదిలేస్తారు.

చేతికి డబ్బు వచ్చేది తేనెతోపాటు తపసి చెట్టు బంక, కుంకుడుకాయలు, ఇప్పపువ్వు లాంటి వాటితో. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ వీటిని కొంటుంది. బంకలో రంగే రేటు: తెల్లగా, మట్టీ బెరడూ అంటకుండా ఉంటే ఎక్కువ, ఎర్రబడితే తక్కువ. గొడ్డలితో లోతుగా నరికితే చెట్టే చచ్చిపోతుంది కాబట్టి, బెరడుకు చిన్న గాటు పెట్టి తీయమని శిక్షణ కూడా ఇచ్చారు.

ఇవి ఏడాది పొడుగునా దొరకవు. మిగతా నెలల్లో రేషన్ బియ్యం, ఉపాధి హామీ పని, కొందరికి కాస్త వ్యవసాయం. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టాలు వచ్చినవాళ్లున్నారు, రానివాళ్లూ ఉన్నారు. పులుల అభయారణ్యం కాబట్టి లోపలి పెంటల్ని బయటికి తరలించే మాట తరచూ వస్తుంటుంది. అది తేలిగ్గా తేలే గొడవ కాదు. బయట ఇల్లు కట్టిచ్చినా తేనె చరియ అక్కడికి రాదు కదా.

మీరు స్వయంగా వెళ్లి చూడాలనుకుంటే, లోపలి పెంటలకు అటవీశాఖ అనుమతి తప్పనిసరి. ఫొటో తీసే ముందు వాళ్లనూ ఒక మాట అడగండి.