వకీలుగారి జవాబులు: ఇంటికి మాత్రం ఎప్పుడూ వాయిదాలే

ప్రశ్న: వకీలుగారూ, మా వారు నలభై రెండేళ్ళు సిటీ సివిల్ కోర్టులో ప్రాక్టీసు చేశారు. మా గుమ్మంలోకి ఫీజు తెచ్చిన కక్షిదారుల కంటే జామకాయలు తెచ్చినవారే ఎక్కువ. కాలనీ సంఘం, గ్రంథాలయం, ఎవరి పిల్లల బడి జీతాలో, ఇలా అన్నింటికీ ఆయనే. ఇంటి పనులకు మాత్రం ఎప్పుడూ వాయిదాలే. ఇప్పుడు డెబ్బై నాలుగో ఏట, తాను దాచిన పన్నెండు లక్షలతో వాళ్ళ అమ్మగారి పేరిట ట్రస్టు పెడతానంటున్నారు. పిల్లలు ససేమిరా అంటున్నారు. నేను ఎవరి పక్షాన మాట్లాడాలి?
– ఒక పాఠకురాలు, బాగ్‌లింగంపల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మా ఆవిడకు చదివి వినిపించాను. పూర్తిగా విని, "ఈవిడకు మన ఇల్లు ఎలా తెలుసు?" అంది. కాబట్టి ఈ వ్యాజ్యంలో నేను తటస్థుణ్ణి కానని ముందే ఒప్పుకుంటున్నాను.

చట్టం మాట రెండు ముక్కల్లో చెబుతాను. ఆ డబ్బు ఆయన స్వార్జితమైతే, ఇవ్వడానికి పిల్లల సంతకం అక్కర్లేదు. కానీ పన్నెండు లక్షలూ ఇవ్వనివ్వకండి. మీ ఇద్దరి మందులకూ ఆసుపత్రికీ సరిపోయేది మొదట మీ పేరిట పక్కన పెట్టించండి. ఇంత చిన్న విషయం నలభై రెండేళ్ళు వకాల్తాలు రాసిన మనిషికి తట్టకపోవడం నాకేమీ వింతగా లేదు.

ఇక మీ వారి జబ్బు సంగతి. ఇది హైదరాబాదు వకీళ్ళలో పాతదే. 1921 నవంబరులో వివేకవర్ధిని హాలులో స్త్రీవిద్య కోసం పాటుపడిన మహారాష్ట్ర సంస్కర్త కర్వే పండితుని అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరిగింది. ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేసి, ఎగతాళి చేశారు. మనసు నొచ్చుకున్న తెలుగువాళ్ళు ఆ రాత్రే కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. దాని కార్యదర్శిత్వం మాడపాటి హనుమంతరావుగారి నెత్తిన పడింది. అప్పటికి ఆయన నగరంలో ప్రాక్టీసు మొదలుపెట్టి ఎన్నో ఏళ్ళు కాలేదు.

ఆయన జమీందారు కాదు. చిన్నప్పుడే తండ్రి పోతే మేనమామల ఇంట పెరిగారు. హనుమకొండలో గుమాస్తాగిరీ చేసి, ఆ తరువాత వకీలు పరీక్ష గట్టెక్కిన మనిషి. మరి ఆయన దగ్గర ఇవ్వడానికి ఏముంది? వకీలు దగ్గర ఉండేదే: అర్జీ రాయడం, నిబంధన చదవడం, లెక్క రాసి పెట్టడం. పల్లెల్లో వెట్టిచాకిరీ మీద సంఘం చిన్న పుస్తకం వేసింది. ఉపన్యాసాలు దంచి ఊరుకోకుండా, కాగితం అచ్చు వేసి రైతు చేతిలో పెట్టే పద్ధతి అది. ఇది వకీలు బుర్రకే పుడుతుంది.

నాకు అంతకంటే ఇష్టమైంది నారాయణగూడ బడి. 1928లో ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పడానికి పెట్టారు. ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమం నడుస్తున్న రోజులు. తెలుగులో చదివిన పిల్ల మెట్రిక్ పరీక్షకు ఎక్కడికి పోవాలి? దారి వెతికి, బడిని పూనాలోని కర్వేగారి మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేయించారు. ఏ పెద్దమనిషి అధ్యక్షత వహించిన సభలో తెలుగుకు పరాభవం జరిగిందో, ఆ పెద్దమనిషి విశ్వవిద్యాలయమే తెలుగు పిల్లలకు పట్టా ఇచ్చింది! ఆ తరువాత మాడపాటివారు 1951లో నగరానికి తొలి మేయరయ్యారు, శాసనమండలికి అధ్యక్షులయ్యారు, పద్మభూషణ్ కూడా వచ్చింది. అవన్నీ ఒక ఎత్తు. 1970లో ఆయన పోయాక కూడా ఆ బడి గంట మోగింది. ఇప్పుడు బడికి ఆయన పేరే ఉంది.

ఈ కథ మీ వారికి చదివి వినిపించి, ఒక్క ప్రశ్న అడగండి: "మీ తరువాత ఈ ట్రస్టు లెక్కలు ఎవరు రాస్తారు?" జవాబు రాకపోతే కొత్త ట్రస్టు వద్దు. ట్రస్టు అంటే విడిగా పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఏటా లెక్కలు, ఆదాయపు పన్ను శాఖలో నమోదు. ఒప్పుకోని పిల్లల్ని ట్రస్టీలుగా రాసి ఊరుకుంటే, ఆయన పోయిన మూడో ఏడు ఆ ఫైలు ఏ అటక మీద ఉంటుందో నాకు తెలుసు. అలాంటి అటకలు చాలా దులిపాను.

దానికి బదులు, మీకు పెట్టగా మిగిలింది, ఎనిమిది లక్షలనుకుందాం, ఇప్పటికే నడుస్తున్న ఏ బడికో గ్రంథాలయానికో శాశ్వత నిధిగా ఇమ్మనండి. బ్యాంకు వడ్డీ ఏడు శాతం అనుకున్నా ఏడాదికి 56,000 రూపాయలు. నలుగురైదుగురు పిల్లల పుస్తకాలకూ ఫీజులకూ ఆసరా. అసలు మొత్తం ముట్టకూడదని, వడ్డీ ఫలానా పనికే వాడాలని, లెక్క ఏటా మీ ఇంటికి పంపాలని రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోమనండి. అది రాయడం ఆయనకు ఒకరు నేర్పనక్కర్లేదు. అత్తగారి పేరూ ఉంటుంది. పిల్లల్లో ఒకరిని ఏటా ఆ వడ్డీ సాయం అందించే రోజున వెళ్ళమనండి, చాలు. వెళ్ళినవాళ్ళు మరుసటి ఏడు కూడా వెళతారని నా అనుభవం.

ప్రశ్న: అయ్యా, ఈ ఏడే బార్ కౌన్సిల్‌లో నమోదయ్యాను. పేదల కేసులు ఉచితంగా చేయాలని ఉంది. కానీ గది అద్దె కట్టాలి కదా!
– ఒక యువ న్యాయవాది, మలక్‌పేట

జవాబు: కట్టాలి నాయనా, ఆశయం చూసి ఇంటివాడు అద్దె మాఫీ చేయడు. న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్‌కు దరఖాస్తు చేయి. పెద్ద మొత్తం కాకపోయినా కేసుకింతని అక్కడ ఇస్తారు. 1987 చట్టం ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలకు ఉచిత సహాయం కోసం ఆదాయం లెక్క చూడరు. ఈ సంగతి తెలియక అప్పు చేసి ఫీజు కడుతున్నవాళ్ళు నీకు రోజూ కోర్టు వరండాలోనే కనిపిస్తారు. అది చెప్పి పంపడం కూడా పనే.

ఒక కిటుకు చెబుతాను. మా సీనియరుగారు పేదవాడి దగ్గర ఫీజు తీసుకునేవారు కాదు కానీ, "నోటీసుకు తపాలా బిళ్ళలు నువ్వే తే" అనేవారు. చాదస్తమనుకునేవాణ్ణి. బిళ్ళలు తెచ్చినవాళ్ళు వాయిదాకు కూడా వచ్చేవారు.