ఎడారి కథ రాసిన అమ్మాయికి

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. చిత్తూరు పిల్ల, రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ కుర్రవాడు, జైసల్మేర్ నుంచి తనోట్ వెళ్ళే దారిలో ఆగిపోయిన బస్సు, ఈ మూడింటినీ ఒకచోట చేర్చిన నీ ఊహ నాకెంతో నచ్చింది. అయితే సుమారు 120 కిలోమీటర్ల ఆ దారిలో వెన్నెలకూ ఇసుక తిన్నెలకూ ఇచ్చినంత చోటు నువ్వు నీళ్ళ సీసాకు ఇవ్వలేదు.

అతడు సీసా అందిస్తాడు. ఆ పిల్ల మనవాళ్ళ అలవాటు చొప్పున పెదవి తగలకుండా ఎత్తి తాగబోతే, గాలివిసురుకు గుక్కెడు నీళ్ళు గడ్డం మీదుగా జారి ఇసుకలో ఇంకిపోతాయి. నీటి విలువ ఎరిగిన ఇంట పుట్టినవాడు ఆ తడి మచ్చను చూసి కూడా ఏమీ అనక, సీసాను మళ్ళీ ఆమె వైపే జరిపితే, నువ్వు రెండు పేజీల నిండా రాసిన సంభాషణ అక్కర్లేదు. మార్వాడీ మాట్లాడే అతడూ, బడిలో నేర్చిన హిందీ తప్ప మరొకటి రాని ఈమే అంత ధారాళంగా ఎలా మాట్లాడుకోగలరు? నా తొలి కథల్లో ఒక తమిళ యువతి చేత అచ్చమైన తెలుగు పలికించాను. ఇప్పటికీ ఆ కథ తీసి చదవడానికి నాకు మనసొప్పదు.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన ఖేజ్‌డీ చెట్టు దగ్గర ఆగు. రాజస్థాన్ రాష్ట్ర వృక్షమైన అది మన జమ్మిచెట్టే. దసరాకు జమ్మి ఆకు తెంపి పెద్దల చేతిలో పెట్టే ఇంటి పిల్ల దాన్ని గుర్తుపట్టి ఆనందంగా రెమ్మ విరవబోతుంది; అతణ్ణి చెట్లనూ జంతువులనూ కాపాడడమే ధర్మంగా పాటించే బిష్ణోయీ కుటుంబం వాడిగా మార్చావంటే, చటుక్కున ఆమె చేయి ఆపుతాడు. 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజడ్లీలో ఈ చెట్ల కోసం 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు. ఆ చరిత్రను అతడి నోట పాఠంలా చెప్పించకు, ఆపిన చేతి వణుకులో ఉంటే చాలు. ఒకే చెట్టును ఇద్దరూ పూజిస్తారు, ఒకరు తెంపి, ఒకరు తెంపనివ్వక. వాళ్ళ ప్రేమకూ పేచీకీ మొదలు అక్కడే ఉంది. తరువాత అతడి మూటలోని ఎండు సాంగ్రీ కాయలను చూసి ఆమె మన ఒరుగులనుకోవచ్చు. అవి ఆ చెట్టు కాయలేనని అతడు సైగలతో చెప్పాలి.

చివర ఉన్న పెళ్ళి తీసేయి. బస్సు కదిలేవరకే రాసి పంపు, మార్జిన్ ఎక్కువ వదులు.

శుభాశీస్సులతో,
మీ మాస్టారు