పెళ్లి ఖర్చుకు ఎమర్జెన్సీ ఫండ్ ముట్టుకోవద్దు

ప్రశ్న: నా వయసు 29. వచ్చే ఏడాది పెళ్లి. సింపుల్‌గా చేసుకుందామనుకున్నాం కానీ, స్నేహితుల పెళ్లి వీడియోలు చూశాక లిస్టు పెరిగిపోయింది. బడ్జెట్‌లో సగమే చేతిలో ఉంది. హాలుకు ఇంకా అడ్వాన్సు కట్టలేదు. ఆరు నెలల ఖర్చులకని దాచిన ఎమర్జెన్సీ ఫండ్ తీసేసి, తక్కువ పడిన దానికి ఐదేళ్ల పర్సనల్ లోన్ పెట్టుకోవచ్చా? తర్వాత ఇద్దరి జీతాలతో తీర్చేస్తాం.

జవాబు: వద్దు. రెండూ వద్దు. ఇలా అడిగేవాళ్లలో చాలామంది పెళ్లి రోజు దాకా పక్కాగా లెక్క వేస్తారు, ఆ మర్నాటి నుంచి లెక్కే ఉండదు. మీరు పంపిన లిస్టే చూడండి. డ్రోన్ షూట్‌కు ఒక లైను, రెండో ఫొటోగ్రాఫర్‌కు ఇంకో లైను. కాపురం పెట్టబోయే ఇంటి అడ్వాన్సుకు మాత్రం ఒక్క లైనూ లేదు.

పెళ్లి ఏడాది ముందే తేదీ తెలిసిన ఖర్చు. ఎమర్జెన్సీ ఫండ్ ఉన్నది తేదీ చెప్పకుండా వచ్చేవాటికి: ఉద్యోగం పోవడం, ఆపరేషన్, ఇంట్లో పెద్దవాళ్ల అనారోగ్యం. పైగా మీ ఒక్కరికి ఆరు నెలలు సరిపడే డబ్బు ఇద్దరికి అన్నాళ్లు రాదు. పెంచుకోవాల్సిన సమయంలో ఖాళీ చేస్తానంటున్నారు!

ఇక లోన్. 14 శాతం వడ్డీ అనుకుంటే, ఐదేళ్లలో 100 రూపాయల అప్పుకు దాదాపు 140 కడతారు. మీ ఐదో పెళ్లిరోజు దాకా ఈఎంఐ నడుస్తూనే ఉంటుంది. ఈలోగా ఒక జీతం కొన్నాళ్లు ఆగిందనుకోండి, అప్పుడేం చేస్తారు? క్రెడిట్ కార్డు తీస్తారు. నెలకు 3.5 శాతం అంటే చిన్నగానే వినిపిస్తుంది. కట్టకుండా వదిలేస్తే ఏడాదికి 51 శాతం దాటుతుంది.

వీడియోల సంగతికొస్తే, అందులో బిల్లు ఎవరు కట్టారో కనపడదు. అమెరికాలో ఎమోరీ యూనివర్సిటీ ఆర్థికవేత్తలు 2014లో 3,000 మందికి పైగా అడిగి చూస్తే, ఉంగరానికి, వేడుకకు ఎక్కువ ఖర్చుపెట్టిన వాళ్ల పెళ్లిళ్లు నిలిచిన కాలం తక్కువగా తేలింది. ఖర్చే కారణమని కాదు లెండి, ఘనంగా చేస్తే కాపురం గట్టిగా ఉంటుందన్న భరోసా మాత్రం లేదు.

ముందు పిలుపుల లిస్టు తగ్గించండి. హాలు, భోజనాలు, డెకరేషన్ అన్నీ వాటంతటవే దిగుతాయి. అదీ కుదరకపోతే పెళ్లి ఆరు నెలలు వాయిదా వేయండి. పెళ్లయిన వెంటనే హెల్త్ పాలసీలో భాగస్వామి పేరు చేర్పించండి.

హాలుకు ఇంకా అడ్వాన్సు కట్టలేదన్నారు కదా, అది మంచిదైంది. క్యాన్సిల్ చేస్తే ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకున్నాకే కట్టండి.