కోస్టారికా ఫీల్డ్ ట్రిప్ చదువా, విహారయాత్రా?

గుంటూరులో డిగ్రీ చదివే మీ అమ్మాయిని ఎకో టూరిజం, ఆదివాసీ సంస్కృతుల అధ్యయనం కోసం మధ్య అమెరికాలోని కోస్టారికా తీసుకెళ్తామని కాలేజీ వాళ్ళు అంటున్నారు, పంపొచ్చా అని అడిగారు. బ్రిబ్రి ఆదివాసీల ఊళ్ళో బస ఉంటే తప్పకుండా పంపండి.

తలమాంకా కొండల్లో ఉండే బ్రిబ్రిలలో వంశం తల్లి వైపు నుంచి లెక్కిస్తారు, భూమి కూడా అలాగే సంక్రమిస్తుంది. కోకో చెట్టు వాళ్ళకు పవిత్రం. వేడుకల్లో కోకో పానీయం కాచేది ఆడవాళ్ళే. యోర్కిన్ అనే ఊరికి ఏటి మీద దోనెలో వెళ్ళాలి. అక్కడి మహిళల సంఘమే పర్యాటకుల బస, భోజనం చూసుకుంటుంది. కోకో గింజలు వేయించి, బండరాయితో నలిపి, పొట్టు చెరిగి, నూరి చూపిస్తారు. మన ఏలూరు వైపు కొబ్బరి తోటల్లోనూ కోకో ఉంది, కానీ మనకది అమ్ముకునే పంట మాత్రమే. ఈ తేడా పుస్తకంలో చదివితే అంతగా మనసుకెక్కదు.

అడవి సంగతీ తెలుసుకోదగ్గదే. 1996 నాటి అటవీ చట్టం కింద, అడవిని కాపాడే భూయజమానులకు అక్కడి ప్రభుత్వం 1997 నుంచి డబ్బు చెల్లిస్తోంది. ఇంధనం మీద పన్నులో కొంత దానికే వెళ్తుంది.

వెళ్ళేముందు మారేడుమిల్లిలో కొండరెడ్ల గూడేలు ఒకసారి చూసి రమ్మనండి. అడక్కుండా ఫొటో తీయకూడదన్న మర్యాద అక్కడే అలవాటవుతుంది.

కాలేజీని మాత్రం గట్టిగా అడగండి: ఊళ్ళో ఎన్ని రాత్రులు ఉంటారు, డబ్బు నేరుగా సంఘానికి ఇస్తారా, ట్రావెల్ ఏజెన్సీకా? రిసార్ట్‌లో ఉంచి గంటసేపు నృత్యం చూపించే ప్యాకేజీ అయితే వద్దనండి.