కాలి సిరల కన్నా ఆ పుండు సంగతి ముందు చూడండి

ప్రశ్న: నాకు 49 ఏళ్లు. భీమవరం దగ్గర టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. తెల్లవారుజాము నుంచి పదకొండింటి దాకా, మళ్లీ సాయంత్రం పెనం ముందు నిలబడే ఉంటాను. చాలా ఏళ్లుగా ఎడమ పిక్క మీద నరాలు మెలికలు తిరిగి ఉబ్బి ఉన్నాయి. పొద్దుపోయేసరికి ఆ కాలు వాచి బరువెక్కుతుంది. చీలమండకు పైన లోపలివైపు చర్మం నల్లబడి దురద పెడుతోంది. గోకినచోట పడిన చిన్న పుండు మూడు నెలలైనా మానలేదు. మందుల షాపులో ఇచ్చిన క్రీమ్ రాస్తుంటే దురద మాత్రం తగ్గుతోంది. షుగర్, బీపీలకు మాత్రలు వాడుతున్నాను. ఇది బోదకాలేమో అని కొందరు భయపెడుతున్నారు. లేజర్ చేయించుకుంటే మళ్లీ రాకుండా ఉంటుందా? ఈలోగా ఏ సాక్స్ కొనుక్కోవాలి? మా ఆవిడకు తొడల మీద సన్నటి నీలం గీతలు ఉన్నాయి, ఆమెకూ చికిత్స అవసరమా?

జవాబు: లేజర్ గురించి, సాక్స్ గురించి తర్వాత చెబుతాను. మీరు మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన విషయమే నాకు ఆందోళనగా ఉంది. షుగర్ ఉన్న మనిషి కాలి మీద మూడు నెలలుగా పుండు మానలేదు, అందులో ఏముందో తెలియని క్రీమ్ దాని చుట్టూ రాస్తున్నారు. కాలు చూడకుండా ఇదే జబ్బని ఖరారు చేయలేను గానీ, మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది వెరికోస్ వెయిన్స్ (మీరు నరాలన్న ఆ ఉబ్బిన సిరలు) ముదిరి పడిన పుండులా ఉంది. సిరల జబ్బును మేం దశలుగా చూస్తాం. సన్నటి గీతలు ఒకటో దశ, ఉబ్బిన సిరలు రెండు, వాపు మూడు, చర్మం నల్లబడటం, గట్టిపడటం నాలుగు. పుండు పడి మానితే ఐదు, మానకుండా ఉంటే ఆరు. ఆరు తర్వాత ఇంకో దశ లేదు. రెండో దశలోనే రావాల్సింది, ఇన్నేళ్లు ఎందుకు ఆగారండీ?

ముందు ఆ క్రీమ్ ఆపండి. ట్యూబు మాత్రం దాచి ఉంచండి, అందులో ఏమేం ఉన్నాయో డాక్టర్ చూడాలి. దురదకు షాపుల్లో చేతికిచ్చే క్రీముల్లో తరచూ ఘాటైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిసి ఉంటాయి. స్టెరాయిడ్ వల్ల దురద రెండు రోజుల్లో తగ్గుతుంది, అందుకే మంచి మందు దొరికిందని అనుకుంటారు. కానీ నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, పుండు అంచుల్లో కొత్త చర్మం ఎదగదు, లోపల ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఎర్రదనం బయటికి కనపడదు. యాంటీబయాటిక్‌గా నియోమైసిన్ ఉంటే ఇంకో చిక్కు. సిరల జబ్బు ఉన్న కాలి చర్మానికి ఆ మందు పడకపోవడం చాలామందిలో చూస్తాం. చుట్టూ చర్మం చెమ్మగిల్లి మళ్లీ దురద మొదలవుతుంది, ఆ దురదకు మళ్లీ అదే క్రీమ్ రాస్తారు. సిరల వల్ల వచ్చిన ఎగ్జిమాకు మేమూ ఒక్కోసారి స్టెరాయిడ్ ఇస్తాం. ఫలానా బలం, ఇన్ని రోజులు, పుండు మీద కాకుండా చుట్టూ మాత్రమే అని రాసి ఇస్తాం. షాపులో అడిగి తెచ్చుకునే మందు కాదది. పసుపు, పసరు, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వద్దు. స్పిరిట్, పెరాక్సైడ్ మానుతున్న కణాలనే కాల్చేస్తాయి. జలగలు పట్టిస్తామని ఎవరైనా వస్తే షుగర్ ఉన్న కాలిని వాళ్ల చేతికి అసలే ఇవ్వకండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేదాకా కాచి చల్లార్చిన నీళ్లతో గానీ సెలైన్‌తో గానీ పుండును కడగండి. రుద్దకుండా శుభ్రమైన గుడ్డతో అద్దండి. పుండుకు అంటుకోని పారాఫిన్ గాజ్ వేసి, దానిపైన మామూలు గాజ్ పెట్టి వదులుగా కట్టండి. దూదిని నేరుగా పుండు మీద పెట్టవద్దు, నూలు పోగులు లోపల ఇరుక్కుంటాయి. యాంటీబయాటిక్ మాత్రలు మీ అంతట మీరు మొదలుపెట్టకండి. ఎర్రదనం పాకుతుంటే, చీము, జ్వరం, కొత్తగా నొప్పి ఉంటే వాటి అవసరం పడుతుంది. అప్పుడు ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు షుగర్, బీపీ ఉన్నవారి కిడ్నీల మీద భారం వేస్తాయి, ఒంట్లో నీరు నిలబెట్టి వాపునూ పెంచుతాయి.

పుండు ఎందుకు మానడం లేదో తెలిస్తే క్రీముతో పనికాదని మీకే అర్థమవుతుంది. నిలబడి ఉన్నప్పుడు చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి 80–90 మి.మీ. (బీపీ కొలిచే పాదరసం లెక్కలోనే) దాకా ఉంటుంది. నడిచేటప్పుడు పిక్క కండరం పిండి రక్తాన్ని పైకి తోస్తుంది, సిరల్లోని కవాటాలు దాన్ని కిందికి జారనివ్వవు. ఆరోగ్యంగా ఉన్న కాలిలో నాలుగడుగులు వేసేసరికి ఆ ఒత్తిడి 30 లోపుకు దిగుతుంది. కవాటాలు చెడితే నడిచినా దిగదు. ఆ ఒత్తిడికి సన్నటి రక్తనాళాల్లోంచి నీరు, ఎర్ర రక్తకణాలు చర్మంలోకి ఊరతాయి. కణాల్లోని ఇనుము అక్కడే మిగిలిపోయి చర్మం నల్లబడుతుంది, కొవ్వు పొర గట్టిపడుతుంది. అలాంటి చర్మం మీద గోరు గీసుకున్నా పుండే. లోపల ఒత్తిడి తగ్గనంత వరకు పైన ఏం రాసినా అది మానదు.

ఒత్తిడి తగ్గించడానికి బిగువైన కట్టు కట్టాలి. కానీ షుగర్ ఉన్న మీకు ఆ కట్టే ప్రమాదం కావచ్చు. గుండె నుంచి కాలికి రక్తం తెచ్చే ధమనులు కూడా పూడి ఉంటే కాలికి వచ్చే కొద్దిపాటి రక్తాన్నీ కట్టు ఆపేస్తుంది, వేళ్లు నల్లబడతాయి. అందుకే ముందు చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో పోల్చే పరీక్ష చేయించాలి. దాన్ని ఏబీఐ అంటారు. ఆ నిష్పత్తి 0.8 కన్నా తక్కువ వస్తే గట్టి కట్టు కట్టకూడదు. 0.5 కన్నా తగ్గితే కట్టు మాటే ఎత్తకుండా ముందు ధమనుల చికిత్స చూడాలి. షుగర్ ఉన్నవారిలో ధమనులు గట్టిపడి అంకె 1.3 దాటి వస్తుంటుంది. అంతా బాగుందని కాదు, ఆ అంకెను నమ్మలేమని. అప్పుడు కాలి వేలి దగ్గర ఒత్తిడి కొలుస్తారు. బీడీ, సిగరెట్ అలవాటు ఉంటే డాక్టర్‌తో దాచకండి. కొంత దూరం నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే వదులుతోందా? రాత్రి కాలు మంచం మీది నుంచి కిందికి వేలాడేస్తే నొప్పి తగ్గుతోందా? అలా ఉంటే ధమనుల జబ్బును అనుమానించాలి.

దీంతోపాటు సిరల్లో రక్తం ఎటు పోతోందో చూపే కలర్ డాప్లర్ స్కాన్ చేయించండి. నిలబెట్టి చేయమని అడగండి. పడుకోబెట్టి రెండు నిమిషాల్లో ముగించిన స్కాన్‌లో కవాటాల లోపం దొరక్కపోవచ్చు. పిక్కను పిండి వదిలినప్పుడు రక్తం అర సెకను కన్నా ఎక్కువసేపు వెనక్కి జారితే పైసిరలో (చర్మం కిందే ఉండే సిరలో) కవాటం చెడినట్టు లెక్క. లోపలి పెద్ద సిరల్లో పాత గడ్డలు ఉన్నాయా అన్నది రిపోర్టులో తప్పకుండా రాయించుకోవాలి. అక్కడ దారి మూసుకుపోయి ఉంటే పైసిర మీదే కాలు ఆధారపడి ఉండవచ్చు, దాన్ని తొందరపడి మూయకూడదు. హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్ పరీక్షలు (మూడు నెలల షుగర్ సగటు, కిడ్నీల పనితీరు తెలిపేవి) కూడా కావాలి. సరైన కట్టుతోనూ పుండు రెండు మూడు నెలల్లో తగ్గకపోతే, లేదా అంచులు లేచి గట్టిగా తయారైతే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. పాత పుండ్లలో అరుదుగా క్యాన్సర్ వస్తుంది.

బోదకాలు విషయం. గోదావరి జిల్లాల్లో ఆ అనుమానం రావడం సహజమే. సిరల వాపు పొద్దున తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉంటుంది, వేలితో నొక్కితే గుంట పడుతుంది. బోదకాలులో పాదం పైభాగం, వేళ్లు కూడా లావెక్కుతాయి. రెండో వేలి మొదట్లో చర్మాన్ని చిటికెతో పైకి పట్టుకుని చూడండి, బోదకాలులో సాధారణంగా అది పట్టు దొరకదు. సిరల జబ్బు ముదిరితే రెండు రకాల వాపూ కలిసి కూడా ఉండొచ్చు, కాబట్టి పరీక్ష చేశాకే చెప్పగలం. బీపీ మాత్ర పేరు మీరు రాయలేదు. ఆమ్లోడిపిన్ అయితే దానివల్లా చీలమండలు వాస్తాయి, కాకపోతే సాధారణంగా రెండు కాళ్లూ. మాత్ర మీరే మానేయకండి, బీపీ చూసే డాక్టర్‌ని అడగండి.

ఇప్పుడు కట్టు. ధమనులు బాగున్నాయని తేలితే, పుండు మానేదాకా చీలమండ దగ్గర దాదాపు 40 మి.మీ. ఒత్తిడి ఇచ్చే పొరల కట్టు కడతారు. వేళ్ల మొదలు నుంచి మొదలుపెట్టి, మడమను కప్పుతూ, ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పేలా మోకాలి కింద దాకా రావాలి. కింద బిగువు ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. ఇంట్లో క్రేప్ బ్యాండేజీతో చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. పాదం వదిలేసి పిక్క మీద గట్టిగా బిగిస్తారు, దాంతో రక్తం పైకి పోయే దారి మూసుకుపోయి పాదం ఇంకా వాస్తుంది. నేర్చుకున్నవారు కట్టాలి, సాధారణంగా వారానికోసారైనా మార్చాలి. వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరిగినా అర్ధరాత్రయినా వెంటనే విప్పేయండి.

మీరు అడిగిన సాక్స్, అంటే బిగువైన స్టాకింగ్స్, పుండు మానాక. సాధారణంగా క్లాస్-2, అంటే 23–32 మి.మీ. ఒత్తిడివి, మోకాలి కింద దాకా చాలు. చెప్పుల సైజులా అడిగి కొనేవి కావు. పొద్దున వాపు లేనప్పుడు చీలమండ సన్నని చోట, పిక్క లావైన చోట చుట్టుకొలతలు, మడమ నుంచి మోకాలి కింద దాకా పొడవు కొలిచి తీసుకోవాలి. మంచం దిగకముందే వేసుకోవాలి. మీరు లేచేదే తెల్లవారుజామున కాబట్టి ఇది కుదురుతుంది. కాలి మేజోడును మడమ దాకా తిరగేసి, పాదం దూర్చి, మడమ చోటు సరిగ్గా కూర్చున్నాక మెల్లగా పైకి లాగండి. చేతులకు రబ్బరు గ్లౌజులు ఉంటే జారకుండా పట్టు దొరుకుతుంది. పైఅంచు మడవకండి, ఆ మడతే తాడు బిగించినట్టు పట్టేస్తుంది. రాత్రి తీసేయండి, చేత్తో ఉతికి నీడన ఆరేయండి. ఆరు నెలలకు సాగిపోతాయి, కొత్తవి కొనాలి.

లేజర్ మంచిదే, మీకు బహుశా అవసరమే. పుండు మానాక చూద్దాంలే అని ఆగేవారు కొందరున్నారు. బ్రిటన్‌లో 450 మందితో చేసిన ఎవ్రా అధ్యయనం 2018లో వచ్చింది. కట్టుతోపాటు చెడిన సిరను తొందరగా మూసినవారిలో పుండు మధ్యస్థంగా 56 రోజుల్లో మానితే, చికిత్స వాయిదా వేసినవారిలో 82 రోజులు పట్టింది. స్కాన్ చూస్తూ సన్నటి తీగను సిరలోకి పంపి, చుట్టూ మత్తుమందు కలిపిన సెలైన్ ఎక్కించి, వేడితో సిరను మూసేస్తారు. రేడియోఫ్రీక్వెన్సీతో చేసేదీ దాదాపు ఇదే. సాధారణంగా అదే రోజు నడిపించి పంపుతారు. మూసిన సిర మళ్లీ తెరుచుకోవడం తక్కువ, కానీ వేరే సిరలు చెడవని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇస్తే అనుమానించండి. కొందరిలో తిమ్మిరి, కమిలిన మచ్చలు, అరుదుగా లోపలి సిరలో గడ్డ లాంటి ఇబ్బందులు రావచ్చు. నల్లబడిన చర్మం పూర్తిగా మామూలు కాకపోవచ్చు. సిరల జబ్బుకు ఇచ్చే డయోస్మిన్, హెస్పెరిడిన్ మాత్రలు బరువు, వాపు కొంత తగ్గిస్తాయి గానీ చెడిన కవాటాన్ని బాగుచేయలేవు. ఖర్చు గురించి బెంగ ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) వర్తిస్తుందేమో ఆసుపత్రిలో అడగండి.

దుకాణం మూసుకోమని చెప్పను. పెనం దగ్గర ఒకే భంగిమలో నిలబడకుండా ప్రతి అరగంటకు 20 సార్లు మడమలు ఎత్తి దించండి. చట్నీ, పార్శిల్ కట్టే పని మీరు తీసుకుని కాసేపు పెనం ఇంకొకరికి ఇవ్వండి, పొయ్యి వేడికి కూడా సిరలు వ్యాకోచిస్తాయి. మధ్యాహ్నం పడుకుని పాదాలు గుండె కన్నా ఎత్తులో ఉండేలా 20 నిమిషాలు దిండ్ల మీద పెట్టండి. అలా పెడితే నొప్పి పెరుగుతుంటే ఆపేసి డాక్టర్‌కి చెప్పండి. వేడినీళ్ల కాపడం, పిక్క మీద గట్టి మర్దన వద్దు.

ఉబ్బిన సిర చిట్లి రక్తం చిమ్మితే భయపడి మోకాలి పైన గుడ్డ బిగించకండి. అలా కడితే రక్తం ఇంకా ఎక్కువ కారుతుంది. వెంటనే పడుకుని కాలు పైకెత్తి, కారుతున్న చోటే శుభ్రమైన గుడ్డతో 10–15 నిమిషాలు మధ్యలో తీసి చూడకుండా నొక్కి పట్టండి. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లండి. ఒక కాలు ఉన్నట్టుండి బాగా వాచి పిక్క నొప్పి పెడితే లోపలి సిరలో గడ్డ కావచ్చు, ఆ రోజే స్కాన్ చేయించాలి. దానితోపాటు ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గులో రక్తం ఉంటే 108కి ఫోన్ చేయండి.

ఈ వారంలోనే రక్తనాళాల డాక్టర్ అయిన వాస్క్యులర్ సర్జన్‌ను, దగ్గర్లో లేకపోతే జనరల్ సర్జన్‌ను కలవండి. మాత్రల చీటీలన్నీ వెంట తీసుకెళ్లండి.

మీ ఆవిడ సంగతి: సన్నటి నీలం గీతలే అయితే, కాలు వాపు, బరువు, నొప్పి లేకపోతే సాధారణంగా ఏ చికిత్సా అక్కర్లేదు. చూడటానికి బాగాలేదని ఆమె అనుకుంటే సన్నటి సూదితో మందు ఎక్కించే పద్ధతి ఉంది, రెండు మూడు విడతలు పట్టవచ్చు. గర్భంతో ఉన్నప్పుడు మాత్రం చేయించకూడదు.